చివరి చెయ్యి ఎవరిది?

బాన్సువాడలో కొత్త బండి కొన్న కుర్రాళ్లను రోజూ చూస్తుంటాను. నెల తిరక్కుండానే బండికి అదనపు దీపాలు వస్తాయి, ఫోను పెట్టుకునే బిగింపు వస్తుంది, కాళ్లకు అడ్డం ఇనుప కడ్డీ వస్తుంది, వెనక ఒక సంచీ వేలాడుతుంది. ఆఖరికి అందులో బండి ఎక్కడుందో వెతుక్కోవాలి. మీలో ఆ బాపతు వాళ్లుంటే నేను చెప్పబోయేది తొందరగా అర్థమవుతుంది. ఎందుకంటే నేను పనిచేసిన చివరి ఏడేళ్లలో చేసింది ఆ పనే. కాకపోతే బండికి కాదు, రైఫిల్‌కు.

నవ్వే ముందు కాస్త ఆగండి. సైన్యంలో ప్రత్యేక దళాలని ఉంటాయి. మామూలు వాళ్లు పోలేని చోటికి వాళ్లను పంపిస్తారు. వాళ్ల చేతుల్లో ఉండే రైఫిళ్లలో చాలావరకు పాత రకానివి, బురదలో ముంచి తీసినా పనిచేసే మొండి సరుకు. కానీ ఒకరోజు అడవిలో పని ఉంటుంది, ఇంకోరోజు ఇరుకు గదుల్లో. ఒకడి చేతులు పొడుగు, ఇంకొకడివి పొట్టి. అందుకని రైఫిల్‌ను మార్చకుండా, దానికి తగిలించుకునేవన్నీ ఒక పెట్టెలో పెట్టి ఇస్తారు. భుజానికి ఆనించే, మడుచుకునే బట్టు, ముందు చేత్తో పట్టుకునే పిడి, టార్చి బిగించే చోటు, అన్నిటికీ పైన వరసగా గాళ్లు కోసిన ఒక లోహపు పట్టా. గురి చూసే దుర్భిణి కూర్చునేది ఆ పట్టా మీదే. పనిని బట్టి కావలసింది బిగించుకుంటారు, అక్కర్లేనిది తీసి పెట్టెలో పెడతారు. ఆ పెట్టెను మేము కిట్టు అనేవాళ్లం. తుపాకి మాది కాదు, దాని నగలు మాత్రం మావి.

నా గురించి కూడా చెప్పాలి. ఇరవై నాలుగేళ్లు సైన్యంలో ఉన్నాను. ఊళ్లో అందరూ నేను సరిహద్దులో శత్రువుల మీద పడి యుద్ధం చేశాననే అనుకుంటారు. మొదట్లో కాదని చెప్పేవాణ్ని, తర్వాత ఊరుకున్నాను. నిజానికి నేను ఆయుధాలు బాగుచేసే మెకానిక్కుని. శత్రువుతో కాదు, తుప్పుతోనూ అరిగిన స్క్రూలతోనూ పోరాడాను. ఆ పోరులో నా స్కోరు మంచిదే. పదవీ విరమణ చేసి ఇంటికొచ్చాక, మా ఆవిడ వంటింటి డబ్బాల మూతలన్నీ నేను మళ్లీ మళ్లీ బిగించడం చూసి నెలలోపే విసిగిపోయింది. ఏదైనా పని చూసుకొమ్మంది.

బోధన్ రోడ్డు మీద ఒక షెడ్డు ఉండేది. దాని ఓనరు వరి పండించే కుటుంబం వాడు, నాకంటే పది పన్నెండేళ్లు చిన్న. వరికోత యంత్రాలకు, నేల దున్నే రోటవేటర్లకు విడిభాగాలు చేసేవాడు. ఆ మధ్యే కంప్యూటరుతో నడిచే, లోహాన్ని కోసే కోత మిషనొకటి కొన్నాడు. హైదరాబాదులో సైన్యానికి కిట్లు సరఫరా చేసే ఒక కంపెనీ అతనికి ఆరు కిట్లు నమూనాగా చేసి చూపించమని అడిగింది. అవి పాసైతే పెద్ద పని వస్తుంది. ఆ సంగతి చెప్పడానికే అతను మా ఇంటికి వచ్చాడు.

"అన్నా, నువ్వు ఫౌజుల తుపాకులు బాగుజేసినవంట గద. మా దగ్గర కొలతలు జూసేటోడు లేడు. హార్వెస్టరు పార్టయితే ఒక సుత్తి దెబ్బేస్తే సరిపోతది. గీ కిట్లకు సుత్తి వద్దంటున్నరు."

"సుత్తి ముట్టుకుంటే నేను రాను," అన్నాను.

"ఇగ సుత్తి నీ చేతికే ఇస్త, దాచిపెట్టుకో," అన్నాడు. ఆ మాటతో ఉద్యోగం ఖాయమైంది.

చేరిన మొదటి వారంలోనే నేను షెడ్డులో ఒక మూల గది కట్టించి దానికి కిట్ల గది అని పేరు పెట్టాను. చెప్పులు బయటే విడవాలి. తెల్ల నూలు చేతి తొడుగులు లేకుండా ఏదీ ముట్టుకోకూడదు. ప్రతి కిట్టుకూ ఒక అట్ట కార్డు. అందులో ఏ కొలత ఎవరు చూశారో వరసగా రాసి ఉంటుంది. అట్టడుగున ఒక గడి, దాని పేరు 'చివరి చెయ్యి'. పెట్టె మూసే ముందు లోపలి వస్తువును ఆఖరున ముట్టుకున్నవాళ్లు అక్కడ సంతకం పెట్టాలి. తర్వాత ఏ తప్పు బయటపడినా జవాబు వాళ్లదే. ఇది నేను సైన్యం నుంచి తెచ్చుకున్న పద్ధతి. దీన్ని గురించి అక్కడి వాళ్లందరికీ ఎన్నిసార్లు ఉపన్యాసం ఇచ్చానో లెక్కలేదు. నేను నోరు తెరవగానే మిషన్ల దగ్గర వాళ్లు నా కంటే ముందే "చివరి చెయ్యి ఎవరిదో..." అని మొదలుపెట్టేవాళ్లు.

ఆ గడిలో సంతకం పెట్టే పనికి నేను ఎంచుకున్నది ఒకామెను. కోటగిరి నుంచి షేరు ఆటోలో వచ్చేది. వయసు ముప్పై అయిదు దాటి ఉంటుంది. పదహారేళ్ల నుంచి బీడీలు చుట్టిన మనిషి. మొదట షెడ్డు ఊడ్చే పనికి వచ్చింది. ఒకరోజు ఊడుస్తూ ఊడుస్తూ కింద పడిన రెండు పట్టా ముక్కలు తీసి, వేలితో తడిమి నా ముందు పెట్టింది.

"గిది మంచిగుంది. గిది గరుకుంది కాకా."

నాకు చేతిలో తేడా తెలియలేదు. కొలిచే పరికరం పెట్టి చూస్తే ఆమె చెప్పిందే నిజం. ఎట్లా తెలిసిందని అడిగితే, పొద్దంతా ఆకు తడిమిన వేళ్లకు తెలియదా అంది. ఆ మర్నాడే చీపురు ఇంకొకరికి ఇచ్చి ఆమెకు తొడుగులు ఇచ్చాను.

ఆమె తొడుగులు వేసుకున్న మొదటి రోజు చెప్పిన సంగతి ఒకటి మీరు గుర్తుపెట్టుకోవాలి. బీడీలు చుట్టే రోజుల్లో వారం వారం వాళ్లు చుట్టినవి తీసుకుని పోతే ఒక చెకర్ చూసేవాడట. ఒకసారి వాళ్లిచ్చిన ఆకే పుచ్చినది. ఆకు పగిలి బీడీలు విడిపోయాయి. చెకర్ ఆమె కట్టలన్నీ అందరి ముందు విరిచి పారేసి, నీ చేతికి పని రాదన్నాడట.

"ఆకు వాళ్లది, మాట నా చేతికి. అప్పటి సంది ఒక్కటే అనుకున్న కాకా. నా చేతిల నుంచి పోయేది నేను సూడకుండ పోవద్దు," అంది.

ఆ మాట విని నేను చాలా సంతోషించాను. నా పద్ధతికి తగిన మనిషి దొరికిందనుకున్నాను. ఆ సంతోషంలో ఆమె మాటను సరిగ్గా వినలేదని తర్వాత తెలిసింది.

ఆరు కిట్లూ పూర్తయ్యేసరికి దసరా వచ్చింది. పండుగ అయిన రెండు రోజులకే సైన్యం వాళ్లు పరీక్షకు వస్తామని కబురు చేశారు. వస్తువు ఎక్కడ తయారవుతుందో అక్కడికే వచ్చి చూడటం వాళ్ల అలవాటు. పండుగ ముందు రోజు సాయంత్రం ఆమె ఆరు కిట్లనూ చివరిసారి చూసి, ఆరు కార్డుల మీదా చివరి చెయ్యి గడిలో సంతకం పెట్టింది. పెట్టెలకు సీలు మాత్రం పండుగ మర్నాడు వేద్దామని ఆపాం.

దసరాకు మన దగ్గర పనిముట్టన్నదానికి పూజ చేయకుండా వదలరు గదా. ఆ పొద్దున షెడ్డు చూడాల్సింది. కోత మిషనుకు బంతిపూల దండ. ట్రాక్టరు టైర్ల కింద నిమ్మకాయలు. పానాలకు, డ్రిల్లుకు, గాలి కొట్టే పంపుకు కూడా పసుపు కుంకుమ. టీ పోసే ఫ్లాస్కు పక్కనే ఉంది కాబట్టి దానికీ ఒక బొట్టు పడింది. కిట్ల గది తలుపు మీద మాత్రం నా చేతి రాతతో పెద్ద కాగితం అంటించి ఉంది. 'లోపలికి పసుపు, కుంకుమ, నూనె, అగరుబత్తి రావద్దు.'

ఓనరు హారతి పళ్లెం పట్టుకుని ఆ తలుపు ముందు నిలబడ్డాడు. ఆమె గుమ్మంలో చేతులు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"ఏంది చెల్లే, పంపుకు పూజ జేసి, అసలు ఆయుధాలకు జెయ్యకపోతే ఎట్ల?"

"కాక వద్దన్నడు. కాగితం సూడున్రి," అంది.

అతను నా వైపు తిరిగాడు. నేను గంభీరంగా చెప్పాను. "అవి ఆయుధాలు కావు. కొలతలున్న సామాన్లు. పసుపు కూడా ఒక మందమే."

ఎంత గొప్పగా చెప్పానో చూడండి. పసుపు కూడా ఒక మందమే. ఈ మాటను తర్వాత నాకు ఎంతమంది ఎన్నిసార్లు అప్పజెప్పారో మీకు ముందు ముందు తెలుస్తుంది.

మధ్యాహ్నానికి అందరూ భోజనాలకు ఇళ్లకు పోయారు. సాయంత్రం జమ్మి ఆకు పంచుకోవడానికి మళ్లీ కలుద్దామనుకున్నారు. తాళాలు నా దగ్గర ఉండటంతో నేను ఆఖరున బయలుదేరాను. గడప దగ్గర పూజ పళ్లెం మిగిలి ఉంది. అందులో తడిపిన పసుపు, కుంకుమ ఉన్నాయి. కిట్ల గది తలుపు కనిపిస్తోంది.

ఇక్కడ నేను దాచుకోకుండా చెప్పాలి. ఇరవై నాలుగేళ్లలో ఒక్క దసరాకు కూడా నేను ఇంట్లో లేను. మాకు ఆయుధ పూజే దసరా. వరసగా పేర్చిన రైఫిళ్లకు ఒక్కోదానికీ పైన, సరిగ్గా లోపలి భాగాలను మూసే రేకు కప్పు మీద, నా వేలితో బొట్టు పెట్టేవాణ్ని. పెడుతూ ఒకే ఒక మాట మనసులో అనుకునేవాణ్ని. దీన్ని పట్టుకున్నవాడు మళ్లీ దీన్ని నా చేతికి తెచ్చివ్వాలి. అంతే నా మంత్రం. తెచ్చివ్వని వాళ్లు కూడా ఉన్నారు. వాళ్ల రైఫిళ్లు వేరేవాళ్లు పట్టుకొచ్చినప్పుడు నేను ఏడ్చిన రోజులున్నాయి. ఆ మధ్యాహ్నం ఆ ఆరు పెట్టెలు లోపల అలా బొట్టు లేకుండా ఉన్నాయనుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంది. వీటి మీద దుర్భిణి పెట్టుకుని ఎవరి పిల్లవాడో ఎక్కడికో పోతాడు, వాణ్ని నా బొట్టు లేకుండా పంపిస్తున్నాను అనిపించింది.

తలుపు తీశాను. చెప్పులు బయటే విడిచాను, ఆ మర్యాద తప్పలేదు. తొడుగులు మాత్రం వేసుకోలేదు. తొడుగులతో బొట్టెవరు పెడతారు? ఆరు పెట్టెలూ తెరిచి, పాత అలవాటు కొద్దీ పైన పట్టా మీదే, దుర్భిణి కూర్చునే గాళ్ల మీదే, పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. కళ్లు మూసుకుని ఒక్కొక్కదానికీ నా మాట చెప్పుకున్నాను. తర్వాత బుద్ధి వచ్చి, జేబు రుమాలుతో శుభ్రంగా తుడిచాను. పైపైన చూస్తే ఏమీ కనపడలేదు. పెట్టెలు మూసి, తాళం వేసి, ఇంటికి పోయి బొబ్బట్లు తిన్నాను. మంచి పని చేశాననే అనుకున్నాను.

మర్నాడు పొద్దున ఆమె సీలు వేసే సామాను పట్టుకుని వచ్చింది.

"కాకా, సీలేసే ముందు ఒక్కసారి తెరిచి సూత్త."

తెరిస్తే పసుపు వాసన వస్తుందేమో. అంత పెద్ద కాగితం అంటించినవాణ్ని, ఆమె ముందు ఏ ముఖం పెట్టుకుని నిలబడను?

"మొన్ననే చూసినవ్ గద బిడ్డా. సంతకం గూడ జేసినవ్. ఇగ ఎన్నిసార్లు చూస్తవ్? వెయ్యి సీలు," అన్నాను.

ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసింది. నేను కార్డులు సర్దుతున్నట్టు నటించాను. ఆమె ఆరింటికీ సీలు వేసింది.

పరీక్షకు ఇద్దరు వచ్చారు. ఒకాయన సుబేదారు. సన్నగా, పొడుగ్గా ఉన్నాడు. కళ్లద్దాలకు దారం కట్టి మెడలో వేసుకున్నాడు. మాట్లాడినంతసేపూ సోంపు నములుతున్నాడు. మరాఠీ మనిషి, మాతో హిందీలో మాట్లాడాడు. ఇంకొకడు ఆయన సహాయానికి వచ్చిన జవాను. పాఠాలు చెప్పడానికి వాడే, పేలకుండా చేసిన రైఫిల్ ఒకటి వెంట తెచ్చారు. ఓనరు వాళ్ల కోసం నాలుగు రకాల మిఠాయిలు తెప్పించాడు. సుబేదారు ఒక్క ముక్క తీసుకుని, మిగతావి పరీక్ష తర్వాత అన్నాడు.

ఆ పరీక్ష చూడ్డానికి చాలా తేలిక. రైఫిల్‌ను కదలకుండా బిగిస్తారు. గొట్టంలో ఒక ఎర్ర కాంతి పెడితే షెడ్డు అవతలి గోడ మీద గళ్ల కాగితంపై చుక్క పడుతుంది. పైన మా పట్టా బిగించి దుర్భిణి పెట్టి, దాని గురి ఆ చుక్క మీద కలుపుతారు. తర్వాత దుర్భిణి తీసేసి మళ్లీ పెడతారు. మళ్లీ తీసి మళ్లీ పెడతారు. ఎన్నిసార్లు తీసి పెట్టినా గురి ఆ చుక్క మీదికే రావాలి. రాకపోతే అడవిలో ఉన్న పిల్లవాడు ఒకచోట చూసి ఇంకోచోట కాలుస్తాడు. మొత్తం కిట్టుకు ప్రాణం అక్కడే ఉంది.

మొదటి కిట్టు. మొదటిసారి గురి కుదిరింది. తీసి పెట్టాడు. ఒక గడి పక్కకు పోయింది. మళ్లీ తీసి పెట్టాడు. ఇంకో గడి, ఈసారి కిందికి. ఒక్కోసారి ఒక్కో చోటికి పోతోంది. సుబేదారు నమలడం ఆపాడు. రెండో కిట్టు తెమ్మన్నాడు. అదీ అంతే. మూడోదానికి జవాను పట్టాను వెలుగులో పెట్టి భూతద్దంతో చూశాడు. సూది మొనతో గాడిలో గీకి, అరచేతిలో రాల్చుకుని వాసన చూశాడు.

"సాబ్, యే తో హల్దీ హై."

హల్దీ అంటే పసుపని షెడ్డులో అందరికీ తెలుసు. ఓనరు కార్డు లాక్కుని అట్టడుగు గడి చూశాడు. అక్కడ ఆమె సంతకం ఉంది. పండుగపూట ఏ ఇంట్లో ఆడవాళ్ల చేతులకు పసుపు ఉండదు? అతనికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేకపోయింది.

"ఇగో చెల్లే, కాగితం సూడున్రి అని నాకే అడ్డం నిలబడ్డవ్ గద. నువ్వు జేసిందేంది?"

"నా చేతులకు తొడుగులుండె అన్నా. నేను సూసినప్పుడు ఏం లేకుండె."

"మరి ఎట్లొచ్చింది? పట్టానే పండుగ జేసుకుందా? సంతకం నీదే గద? నీ చేతికి పని రాదు. రేపటి సంది రాకు."

నీ చేతికి పని రాదు. ఆ చెకర్ అన్న మాటే, అక్షరం మారకుండా. అతనికి ఆ సంగతి తెలియదు. ఆమె తొడుగులు విప్పడం మొదలుపెట్టింది. ఒక్కో వేలూ విప్పుతోంది.

నేను వెంటనే లేచి చెప్పేశానని రాయాలని ఉంది. కానీ ఆమె ఒక తొడుగు పూర్తిగా విప్పి, మడిచి, బల్ల మీద పెట్టి, రెండోది మొదలుపెట్టేదాకా నేను నోరు తెరవలేదు. ఆ కాస్సేపట్లో నాకు ఎన్ని ఆలోచనలొచ్చాయో. ఇరవై నాలుగేళ్ల పేరు. తలుపు మీది కాగితం. మంచి నమూనా కిట్లు చేసే ఫౌజీ అని ఊళ్లో చెప్పుకునే గొప్ప. ఆమెకు తర్వాత ఇంకెక్కడైనా పని చూపించవచ్చులే అని కూడా ఒక నీచమైన ఆలోచన వచ్చింది. రాసుకోవడానికి సిగ్గుగా ఉంది, కానీ వచ్చింది.

రెండో తొడుగులో బొటనవేలు బయటికి వచ్చేసరికి నేను లేచాను.

"ఆ పసుపు నాది," అన్నాను. సుబేదారుకు అర్థం కావాలని హిందీలో కూడా చెప్పాను. ఓనరు చేతిలోంచి కార్డు తీసుకుని, ఆమె సంతకం కింద నా సంతకం పెట్టాను. మిగతా అయిదు కార్డులూ తెప్పించి వాటి మీద కూడా పెట్టాను. ఏ మధ్యాహ్నం, ఎట్లా, ఎక్కడ పెట్టానో అంతా చెప్పాను. సీలు వేసే ముందు తెరుస్తానని ఆమె అడిగితే నేనే వద్దన్నానని కూడా చెప్పాను. అది చెప్పడమే అన్నిటికంటే కష్టమైంది.

సుబేదారు కళ్లద్దాలు తీశాడు. ఎన్నేళ్ల నౌకరీ అని అడిగాడు. చెప్పాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. మేమూ ఏటా పూజ చేస్తాం భాయీ, అన్నాడు. కానీ బట్టు మీద పెడతాం. కంట్లో కుంకుమ పెట్టుకుని దారి చూస్తామా? జవాను నవ్వాపుకోలేక గోడ వైపు తిరిగాడు.

నవ్వు వచ్చింది కదా, ఇక వదిలేస్తారని ఓనరుకు ఆశ పుట్టింది. కడిగి మళ్లీ చూద్దామన్నాడు. సుబేదారు ఒప్పుకోలేదు. సీలు వేసిన పెట్టెను సీలు వేసినట్టే చూస్తాం, అడవిలో కడిగిచ్చేవాళ్లు ఉండరు అన్నాడు. ఆరూ ఫెయిల్. కారణం అన్న చోట ఇంగ్లీషులో ఒక మాట రాశాడు. ఓనరు నన్ను పక్కకు పిలిచి అడిగాడు.

"ఏం రాసిండన్నా?"

"గాళ్లలో పరాయి పదార్థం ఉందని రాసిండు."

"పసుపు మనకు పరాయిదెట్లయితది?" అన్నాడు అతను నిజంగా బాధపడుతూ.

సుబేదారు పోయే ముందు ఆ కార్డులు మరోసారి చూశాడు. కొత్త కిట్లు చేసుకోండి, మళ్లీ వస్తాను, ఈ కార్డు పద్ధతి మాత్రం మార్చకండి అన్నాడు. మిఠాయి ముట్టుకోకుండానే పోయాడు.

తర్వాతి పది రోజులు ఓనరు నాతో మాట్లాడలేదు. ఏదైనా చెప్పాలంటే కోత మిషనుతో చెప్పేవాడు, నేను వినాలి. నన్ను తనిఖీ పని నుంచి తీసేసి ఆమెకు అప్పజెప్పాడు. కొత్తవాళ్లకు పని నేర్పడం, పెట్టెల్లో మెత్తటి స్పాంజి కోయడం నాకు మిగిలాయి. నిజం చెప్పాలంటే బాధపడ్డాను. న్యాయమే జరిగింది. న్యాయం జరిగినా బాధగానే ఉంటుందని అప్పుడు తెలిసింది. మిషన్ల దగ్గర వాళ్లకు మాత్రం పండుగే. టీలో చక్కెర ఎక్కువైతే "చక్కెర గూడ ఒక మందమే కాకా" అనేవాళ్లు. వాన పడితే వాన కూడా ఒక మందమే.

ఆమె కూడా నాతో మాట్లాడలేదు. పదకొండో రోజు నేనే పోయి, తప్పయింది బిడ్డా, ఆ పసుపు పెట్టకుండా ఉండాల్సింది అన్నాను. ఆమె చేతిలో పట్టా పక్కన పెట్టింది.

"పసుపు వెట్టినందుకు గాదు కాకా. మా ఇంట్ల రోట్లె బండకు గూడ వెడతం. నేను తెరుస్తనంటే వద్దన్నవ్ సూడు, గందుకు."

నేను తల దించుకున్నాను.

"నేనేం జెప్పిన నీకు మొదటి దినం? నా చేతిల నుంచి పోయేది నేను సూడకుండ పోవద్దని. నువ్వు మంచిగ తలూపినవ్. గా చెకర్‌కు నా ముచ్చట తెల్వది. నీకు తెలుసు," అంది.

అంతకంటే గట్టిగా నన్ను సైన్యంలో కూడా ఎవరూ తిట్టలేదు. ఆమె గొంతు పెంచలేదు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె చూసింది, చూడనట్టు పట్టా తీసుకుని వేలితో తడమడం మొదలుపెట్టింది. కాసేపటికి, "స్పాంజి వంకరగ గోస్తున్నవ్ కాకా, సక్కగ గొయ్యి," అంది. క్షమించిందని నాకు అట్లా తెలిసింది.

ఆ రోజు నుంచి గదిలో రెండు కొత్త నియమాలు వచ్చాయి. రెండూ ఆమె పెట్టినవే. సీలు వేసే ముందు తెరుస్తానంటే ఎవరూ వద్దనకూడదు. రెండోది నా ఒక్కడికే. పొద్దున గదిలోకి వచ్చేటప్పుడు రెండు అరచేతులూ చూపించాలి. ఆమె ముందూ వెనకా తిప్పి చూసి, "ఊఁ, రా" అనేది. తర్వాత ఒక వేసవిలో మా ఇంట్లో ఆవకాయ కలిపి వచ్చాను. గుమ్మంలోనుంచే వెనక్కి పంపింది.

కొత్త ఆరు కిట్లు చేయడానికి రెండు నెలలు పట్టింది. నిజాంసాగర్ కాల్వల్లో యాసంగికి నీళ్లు వదిలిన వారంలో సుబేదారు మళ్లీ వచ్చాడు. ఆ రోజు నేను షెడ్డు బయటే నిలబడ్డాను. లోపలికి పోయే ధైర్యం లేదు. తలుపు సందులోంచి చూశాను. మొదటి కిట్టు బిగించారు. ఎర్ర చుక్క గోడ మీద పడింది. తీశారు, పెట్టారు. గురి చుక్క మీదికే వచ్చింది. మళ్లీ తీశారు, పెట్టారు. అక్కడికే. ఆరు కిట్లూ అంతే. సుబేదారు దారం కట్టిన కళ్లద్దాలు ఛాతీ మీదికి వదిలేసి, మిఠాయి ఎక్కడ అని అడిగాడు. ఓనరు రెండు చేతులా పెట్టె పట్టుకుని పరిగెత్తాడు. ఆమె కార్డులు సర్దుతూ, తలుపు సందులో నా కన్ను చూసి నవ్వింది. అంత నవ్వు నేను అంతకుముందు చూడలేదు.

పని వచ్చింది. షెడ్డు పెరిగింది. ఆమె కింద ఇప్పుడు తొమ్మిది మంది ఆడవాళ్లు తనిఖీ చేస్తారు. అందులో ఆరుగురు బీడీలు చుట్టినవాళ్లే. ఏటా దసరాకు కిట్ల పెట్టెలకు పూజ జరుగుతుంది. పెట్టె బయట, మూత మీద, తాళం పక్కన ఒక్క బొట్టు. పెట్టేది నేను, పక్కన నిలబడి చూసేది ఆమె.

మొన్న వేసవిలో నేను మానేశాను. మోకాళ్లు ఒప్పుకోలేదు. చివరి రోజు ఓనరు శాలువా కప్పి, పసుపు కూడా ఒక మందమే అన్న మహానుభావుడు అని ప్రసంగం చేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఆమె నన్ను కిట్ల గదిలోకి పిలిచింది. అరచేతులు చూపించాను. చూసి లోపలికి రానిచ్చింది. బల్ల మీద ఒక కార్డు ఉంది. వస్తువు అన్న చోట 'ఫౌజీ కాక' అని రాసి ఉంది. మోకాళ్లు: కిర్రుమంటున్నయి, పాస్. చూపు: అద్దాలతో, పాస్. చెప్పిన మాట వినుడు: రెండోసారి పాస్. అట్టడుగున చివరి చెయ్యి గడిలో ఆమె సంతకం.

ఆమె కుడిచేతి తొడుగు తీసింది. ఆ గదిలో ఆమె ఒట్టి చేత్తో పని చేయగా చూడటం అదే మొదటిసారి. కొంగు ముడి విప్పి, కాగితం పొట్లంలోంచి కుంకుమ తీసి నా నుదుటి మీద బొట్టు పెట్టింది.

గుమ్మంలో నుంచి ఓనరు అరిచాడు. "అగో! కిట్ల గదిల కుంకుమ!"

"ఏం గాదన్నా," అందామె. "గీ సరుకు బయటికే పోతుంది. తీసినంక మళ్ల గిదే జాగల కూసోవాల్సిన పని లేదు."

నేను బయటికి వచ్చి, శాలువాతో కళ్లు తుడుచుకుని, ఆటో ఎక్కి ఇంటికి పోయాను.

మర్నాడు పొద్దున లేచి స్నానం చేసి టీ తాగాను. మా ఆవిడ ఏదో అడుగుతోంది, వినలేదు. నాకు తెలివి వచ్చేసరికి బోధన్ రోడ్డు మీద, షెడ్డు గేటు ముందు, రోజూ నిలబడే చోటే నిలబడి ఉన్నాను. సరిగ్గా అదే వేళకు. లోపల ఆమె కిట్ల గది తాళం తీస్తోంది. తిరిగి చూసింది. గడియారం వైపు చూసి, నా వైపు చూసి, అరచేతులు చూపించమని సైగ చేసింది.

గేటు ఊచల మధ్యలోంచి రెండు చేతులూ చాపాను.